బరంపురంలో ఒక అలంకార చేపల దుకాణం: చేప మెదడును చదివే మనిషి సమీక్ష

బరంపురం పాత బస్టాండు దాటి లోపలి వీధుల్లోకి వెళితే, ఒడియాలోనూ తెలుగులోనూ రాసిన బోర్డుతో, అద్దాల తొట్లు గోడ పొడవునా రెండు వరసలుగా పేర్చిన ఒక అలంకార చేపల దుకాణం కనిపిస్తుంది. దాని యజమాని డెబ్బయ్యో పడికి దగ్గరపడిన పెద్దాయన. సమీక్ష రాస్తానంటే సంతోషించారు గానీ, "పేరెందుకమ్మా, చేపల సంగతి రాయండి, చాలు" అన్నారు కాబట్టి దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ వీధుల్లో రంగు చేపల కొట్టు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఉద్యోగ విరమణ చేసిన మా నాన్నగారు ముందుగదిలో చేపల తొట్టి పెట్టుకోవాలని ముచ్చటపడటంతో, సెలవులకు ఇంటికి వచ్చిన నేను ఆయనతో కలిసి ఈ దుకాణానికి పలుమార్లు వెళ్లాను. తొట్టి, గాలి పంపు, మేత, చేపలు అన్నీ అక్కడే కొన్నాం.

నా వృత్తి జీబ్రా చేపల మెదడు మీద పరిశోధన. ఆకలి, నిద్ర, భయం, అలసట, వెతుకులాట వంటి లోపలి స్థితులు మెదడులో ఎలా పుడతాయి, ఎంతసేపు నిలుస్తాయి, అవి మారినప్పుడు చేప నడవడి ఎలా మారుతుంది అన్నవి నేను రోజూ పనిచేసే ప్రశ్నలు. అందువల్ల చేపల దుకాణంలో అడుగుపెట్టగానే నేను మొదట చూసేది రంగునూ రెక్కల సొగసునూ కాదు. ఈ చేప ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, ఆ సంగతి అమ్మేవారికి తెలుసా అని చూస్తాను. ఈ సమీక్ష అంతా ఆ ఒక్క కొలతతోనే రాస్తున్నాను. ఆ కొలతకు ఈ దుకాణం చాలావరకు నిలబడింది. రెండు లోపాలున్నాయి, అవి చిన్నవి కావు కాబట్టి వాటినీ వివరంగానే చెబుతాను.

ముందుగా సరుకు దిగే తీరు. హౌరా–చెన్నై రైలు మార్గం మీద ఉండటం ఈ వ్యాపారంలో బరంపురానికి పెద్ద సదుపాయం. అలంకార చేపల పెంపకానికి పేరుపడ్డ హౌరా, కోల్‌కతా ప్రాంతం నుంచీ, చెన్నైలోని కొళత్తూరు నుంచీ ఈ దుకాణానికి థర్మకోలు పెట్టెల్లో సరుకు వస్తుంది. దారిలో నీళ్లు పాడవకుండా ఉండటానికి పెంపకందారులు చేపలను ఒకటి రెండు రోజుల ముందు నుంచే పస్తు పెట్టి, కొద్దిగా నీళ్లు పోసి, మిగతా భాగం ఆక్సిజన్‌తో నింపిన ప్లాస్టిక్ సంచుల్లో వేసి పంపిస్తారు. చీకటి, కుదుపు, ఇరుకు, ఆకలి, నీళ్లలో పేరుకునే అమ్మోనియా అన్నీ ఒక్కసారిగా ఆ చేప మీద పడతాయి. మనుషుల్లో ఒత్తిడి సమయంలో ఊరే కార్టిసాలే చేపల్లోనూ ప్రధానమైన ఒత్తిడి హార్మోను. ఈ విషయంలో ప్రయోగశాల ఎలుకల కంటే చేపే మనకు దగ్గర, ఎందుకంటే ఎలుకల్లో ఆ పని ఎక్కువగా చేసేది కార్టికోస్టెరాన్ అనే వేరే హార్మోను. కాబట్టి పెట్టె విప్పిన గంటలో ఆ చేపను ఇంకో సంచిలోకి ఎక్కించి ఇంటికి పంపడమంటే, తీరని ఒత్తిడి మీద మరో ఒత్తిడి మోపడమే.

మేము వెళ్లినప్పుడు ఒక కుర్రవాడు కొత్తగా దిగిన ఏంజెల్ చేపల ముందు నిలబడి, జత ఇవ్వమని పట్టుబట్టాడు. డబ్బు చేతిలో పట్టుకునే ఉన్నాడు. పెద్దాయన లేవకుండానే, "ఇయి రాత్రే దిగేయి బాబూ. ఇంకా బెదురు తీరనేదు. ఎల్లుండి రా, ఇస్తాను," అన్నారు. కుర్రవాడు ఇంకొంచెం ధర కలుపుతానన్నా ఆయన మాట మారలేదు. ఆ తొట్టికి మూడు పక్కలా పాత దినపత్రికలు అంటించి ఉన్నాయి, పైన దీపం లేదు, లోపల స్పాంజి ఫిల్టరు బుడగలు తప్ప ఏ కదలికా లేదు. చేపలు అడుగున, వెనక మూలకు చేరి, ముడుచుకున్న రెక్కలతో ఉన్నాయి. ఆ పత్రికలు ఎందుకని అడిగితే, మనిషి మెసులుతుంటే బెదురు తీరదని చెప్పారు.

ఆయన బెదురు అంటున్నదాన్ని ప్రయోగశాలల్లో మేము గడియారం పెట్టి కొలుస్తాం. జీబ్రా చేపను కొత్త తొట్టిలో వదిలితే మొదట నేరుగా అడుక్కి దిగి, అక్కడే తిరుగుతుంది. నిమిషాలు గడిచేకొద్దీ మెల్లగా పై సగంలోకి వస్తుంది. సాధారణంగా ఆరు నిమిషాలు నడిపే ఈ పరీక్షలో, పైకి రావడానికి ఎంతసేపు పట్టింది, ఎన్నిసార్లు కదలకుండా బిగుసుకుపోయింది అన్నవి రాసుకుంటాం. ఆందోళన తగ్గించే మందులు ఇచ్చిన చేప త్వరగా పైకి వస్తుంది. మామూలు చేపకు ఆరు నిమిషాల్లో తీరే బెదురు, రైలు ప్రయాణం చేసి వచ్చిన చేపకు అంత తొందరగా తీరదు. చేప నీళ్లలో ఏ ఎత్తున తిరుగుతోందో చూసి అమ్మకానికి పెట్టడం ఈ పెద్దాయన ఏ పుస్తకంలోనూ చదవలేదు. తొట్ల ముందు కూర్చుని ఏళ్ల తరబడి చూడటం వల్ల పట్టుబడిన విద్య అది.

మేత విషయం ఇంకా ముఖ్యమైనది. ఎంచుకున్న తొట్టిలో ఆయన చిటికెడు మేత వేసి, కొనేవారిని పక్కన స్టూలు మీద కూర్చోబెడతారు. "మేతకి పైకి రాని చేపని నాను అమ్మనమ్మా. ముందు తిననీ, తరవాత తీసుకెళ్దురు గాని." ఇది చాలా దుకాణాల్లో దొరకని మర్యాద. అయితే మేత వేయగానే ఎగబడటం ఒక్కటే ఆరోగ్యానికి గుర్తు కాదని పాఠకులకు చెప్పాలి, ఎందుకంటే ఆకలి చేప కళ్లముందున్న ప్రపంచాన్నే మార్చేస్తుంది. జర్మనీలో హెర్విగ్ బాయర్ బృందం 2016లో ప్రచురించిన పరిశోధనలో, కడుపు నిండిన జీబ్రా చేప పిల్లలూ ఆకలి మీదున్న పిల్లలూ ఒకే చుక్కను వేర్వేరుగా చూశాయి: కదిలే చుక్క మరీ చిన్నదీ కాక మరీ పెద్దదీ కానప్పుడు, కడుపు నిండినవి దాన్ని ముప్పుగా భావించి తప్పుకోవడానికీ, ఆకలిగా ఉన్నవి ఆహారంగా భావించి దగ్గరికి వెళ్లడానికీ మొగ్గు చూపాయి. ఈ మార్పులో ఒత్తిడి హార్మోను వ్యవస్థకూ, సెరటోనిన్ అనే మెదడు రసాయనానికీ పాత్ర ఉందని తేలింది. దుకాణంలో అద్దం దగ్గరికి వచ్చి మన వేలి వెంట తిరిగే చేపను చూసి చలాకీగా ఉందనుకుంటాం. అది ఉత్త ఆకలి కావచ్చు. ఇక్కడ ఉదయం తెరవగానే ఒకసారి తిండి పెట్టి, తరువాత కొనేవారి ఎదుట పెట్టేది కొసరు మాత్రమే కాబట్టి, కనబడే ఉత్సాహాన్ని కొంతవరకు నమ్మవచ్చు.

నాన్నగారితో నేను చెప్పిన సలహా ఏమిటంటే, మేత అయిపోయాక కూడా ఒక పది నిమిషాలు కదలకుండా కూర్చుని చూడమని. దీనికి కారణం ఉంది. జెన్నిఫర్ లీ, డ్రూ రాబ్సన్ అనే శాస్త్రవేత్తల బృందం ఈత కొట్టే చేప పిల్లతో పాటే కదిలే సూక్ష్మదర్శినిని తయారుచేసి, స్వేచ్ఛగా తిరుగుతూ వేటాడే పిల్ల మెదడు మొత్తాన్నీ చూడగలిగింది. జీబ్రా చేప పిల్ల పారదర్శకంగా ఉంటుంది, దాని మెదడులో సుమారు 1,00,000 నాడీకణాలే ఉంటాయి, చైతన్యం పొందిన కణం మెరిసేలా జన్యువును అమర్చవచ్చు. అందుకే ఇది సాధ్యమైంది. 2020లో వెలువడిన ఆ పరిశోధన చెప్పినది నాకు ఇప్పటికీ అబ్బురమే. చుట్టూ ఆహారం సమృద్ధిగా ఉన్నా చేప పిల్ల అదే పనిగా తినదు. కొంతసేపు ఒకచోటే మెసులుతూ శ్రద్ధగా వేటాడుతుంది, ఆ తరువాత ఎదురుగా ఉన్న ఆహారాన్ని వదిలేసి దూరదూరాలు తిరుగుతుంది, మళ్లీ వేటలోకి వస్తుంది. ఒక్కో స్థితి నిమిషాల పాటు నిలుస్తుంది. బయట ఏమీ మారలేదు, మారింది లోపల. మెదడు కాండంలో డోర్సల్ రాఫే అనే చోట ఉండే, సెరటోనిన్ విడుదల చేసే కణాలలో కొన్ని ఈ మలుపుతో ముడిపడి ఉన్నాయని వారు చూపించారు.

ఆరోగ్యమైన చేప నడవడి ఇలా మారుతూ ఉంటుందని తెలిసినవారు దుకాణంలో ఒక్క చూపుతో తేల్చుకోరు. మేము చూసిన జీబ్రా చేపల గుంపు తిని, చెదిరి, తొట్టి పొడవునా తిరిగి, మళ్లీ గులకరాళ్ల దగ్గర ముక్కులు పెట్టి వెతకడం మొదలుపెట్టింది. పక్క తొట్టిలో గప్పీలు కూడా అంతే. పది నిమిషాల్లో స్థితి మారుతున్న చేపలు ఒక తొట్టి నిండా ఉన్నాయంటే ఆ తొట్టి బాగుందని అర్థం. ఎంతసేపు చూసినా ఒకే మూల ఉన్నదీ, ఎంతసేపు చూసినా అద్దం వెంట పైకీ కిందికీ ఆగకుండా పాకుతున్నదీ రెండూ అనుమానించదగినవే.

మూలన ఉండిపోయిన చేపల కోసం ఈ దుకాణంలో వెనక గదిలో వేరే తొట్టి ఉంది. దానిలో కొంచెం ఉప్పు, అవసరమైతే మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు మందు కలుపుతారు. అమ్మకానికి పెట్టిన తొట్టిలో డీలాపడ్డ చేప కనబడితే పెద్దాయన కొడుకు దాన్ని తీసి అక్కడికి మారుస్తాడు. ఇలా వేరుచేయడం సరైన పని అని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే కదలకపోవడం అనేది చూడటానికి ఒకటే అయినా దాని వెనక స్థితులు వేరువేరు: నిద్ర కావచ్చు, భయం కావచ్చు, ఎంత ప్రయత్నించినా ఫలితం లేదని ఊరుకోవడం కావచ్చు. మూడోదాన్ని మిషా ఆరెన్స్ అనే శాస్త్రవేత్త బృందం 2019లో ఎంతో స్పష్టంగా చూపించింది. కదలకుండా పట్టి ఉంచిన చేప పిల్ల ఈదడానికి ప్రయత్నించినప్పుడల్లా ఎదుటి దృశ్యం కదిలేలా ఏర్పాటు చేసి, ఆ తరువాత ఎంత ప్రయత్నించినా దృశ్యం కదలకుండా చేశారు. చేప మొదట మరింత బలంగా ఈదింది, కాసేపటికి మానేసింది. విఫలమైన ప్రయత్నాల లెక్కను పోగుచేస్తున్నవి నాడీకణాలు కావు, వాటి చుట్టూ ఉండే గ్లియా కణాలు; నోరెడ్రినలిన్ అనే మెదడు రసాయనం ద్వారా అందే సంకేతాలు వాటిలో పోగుపడి హద్దు దాటినప్పుడు చేప ఈత ఆపింది. తప్పించుకోలేని దెబ్బలు తిన్న చేప పిల్లల్లో హబెన్యులా అనే మెదడు భాగం క్రమంగా చైతన్యం పెంచుకుని, చేపను నిశ్చేష్టతలోకి నెడుతుందని కార్ల్ డైసెరాత్ బృందం కూడా ఆ ఏడాదే చూపింది. ఊరుకున్న చేపను "మెత్తటి జాతి, గొడవ చేయదు" అని అంటగట్టే దుకాణాలున్నాయి. ఇక్కడ ఆ మాట వినబడలేదు.

ఇక వల వేసే పద్ధతి. ఈ దుకాణంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. పెద్దాయన కొడుకు ముందుగా తొట్టి మీది దీపం ఆర్పాడు. ఎడమచేత్తో ఒక వెడల్పాటి వలను నీళ్లలో నిలబెట్టి, కుడిచేత్తో చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ మగ్గును మెల్లగా దించాడు. వలతో చేపను ఎత్తలేదు. వల అంచును అంగుళం అంగుళం జరుపుతూ, గుంపులోంచి విడిపడిన చేపలను మగ్గు నోటి వైపు మళ్లించి, నీళ్లతో పాటే పైకి తీశాడు. బొటనవేలు మగ్గు మీద మూతలా ఆనించి ఉంచాడు. తొట్టిలో మిగిలిన చేపలు కొంచెం పక్కకు జరిగాయి, అంతే. తొందరేమీ లేకుండా మా చేపలన్నీ అలాగే తీసి ఇచ్చాడు.

దీని విలువ తెలియాలంటే 1938 నాటి ఒక పరిశోధన తలచుకోవాలి. తేనెటీగల నాట్యాన్ని అర్థం చేసుకుని తరువాత నోబెల్ పొందిన కార్ల్ ఫాన్ ఫ్రిష్, మిన్నో అనే చిన్న చేపల చర్మం గాయపడితే దానిలోంచి నీళ్లలోకి వెలువడే పదార్థం మిగతా చేపలను భయపెడుతుందని ఆ ఏడాది ప్రచురించాడు. జీబ్రా చేపలదీ అదే తీరు: వల గరుకుకు ఒక్కదాని చర్మం గీరుకుపోయినా మిగతావి ఒక్క ఉదుటున చెదిరి, అడుగున బిగుసుకుపోతాయి. అంతటితో ఆగదు. వాసన తగలని చేప కూడా భయపడిన తోటి చేపను చూసి భయపడుతుందనీ, అలా భయం అంటుకోవడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోను కావాలనీ పోర్చుగల్ శాస్త్రవేత్త రుయి ఒలివేరా బృందం 2023లో చూపించింది. ఒక కొనుగోలుదారుకు నాలుగు చేపలు తీయడానికి నలభై చేపలను తరిమి తరిమి బెదరగొట్టే దుకాణంలో, తరువాత వచ్చేవారు కొనేవి ఆ భయంలో ఉన్న చేపలే. ఇక్కడ అలా కాదు. బరంపురం పక్కనే ఐసర్ అనే విజ్ఞానశాస్త్ర విద్యా, పరిశోధనా సంస్థ ఉంది. అక్కడ జీవశాస్త్రం చదివే పిల్లలు ఒకసారి వచ్చి ఈ అబ్బాయి చెయ్యి చూడాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

జీబ్రా చేపలను ఆయన ఒకటీ రెండూ అమ్మరు. "ఆరైనా తీసుకెళ్లండి, లేపోతే వద్దు" అంటారు. గుంపులో బతికే చేప కాబట్టి అది న్యాయమైన షరతే. జత ముప్పై రూపాయలు, దుకాణంలో అన్నిటికంటే చవక. ఇంత చవకైన చేప గురించి ఒక్క మాట ఎక్కువ రాస్తే పాఠకులు మన్నించాలి. తూర్పు భారతదేశపు పిల్లకాలువల్లో, వరిమళ్లలో తిరిగే ఈ చేపను గంగా నదీ ప్రాంతపు చేపల మీద 1822లో వెలువరించిన పుస్తకంలో ఫ్రాన్సిస్ హామిల్టన్ వర్ణించాడు. దాన్ని ప్రయోగశాలకు తెచ్చినవాడు అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జార్జ్ స్ట్రైజింగర్; ఆయన 1981 నాటి పరిశోధనాపత్రంతో ఇది జన్యుశాస్త్రంలో స్థిరపడింది. నేటికీ ప్రపంచమంతా వాడే ఏబీ అనే వంశం, ఆయన 1970ల చివర ఒరెగాన్‌లోని ఆల్బనీ అనే ఊళ్లో పెంపుడు జంతువుల దుకాణంలో కొన్న చేపల నుంచి వచ్చినదే. నేను రోజూ సూక్ష్మదర్శిని కింద చూసే చేపల పూర్వీకులు ఇలాంటి ఒక కొట్లోనే ఉన్నాయి. అందుకే చేపల దుకాణం ఎలా నడవాలన్నది నాకు చిన్న విషయం కాదు.

ఇప్పుడు లోపాలు. మొదటిది రాత్రి దీపాలు. దుకాణం మూసినా ముందువరస తొట్ల మీది ఎల్‌ఈడీ దీపాలు తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటాయి. రాత్రి భోజనం తరువాత నాన్నగారూ నేనూ అటు నడుచుకుంటూ వెళ్లినప్పుడు జాలీ తలుపులోంచి చూశాం. నడిరాత్రి దాటబోతున్నా టెట్రాలు పట్టపగలు తిరిగినట్టే తిరుగుతున్నాయి. మర్నాడు అడిగితే, వీధిలో పోయేవాళ్లకు కనబడాలనే పెట్టామని పెద్దాయన చెప్పారు. వ్యాపారపరంగా ఆయన మాట అర్థమవుతుంది, చేప పరంగా మాత్రం ఇది మానవలసిన అలవాటు. జీబ్రా చేపలు నిజంగా నిద్రపోతాయి. రాత్రి తోక రెక్క వాల్చి, అడుగునో నీటి మట్టం దగ్గరో కదలకుండా ఉంటాయి. నిద్ర చెడగొడితే తరువాత ఆ లోటు తీర్చుకుంటాయి. అయితే 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంకో సంగతి గమనించారు. వెలుతురు ఉన్నంతకాలం ఈ చేపల నిద్ర దాదాపు అణగారిపోతుంది, పైగా చీకటిలోకి తెచ్చాక కూడా అలా పోయిన నిద్రను అవి తీర్చుకోవు. కునుకు లేని చేప పగలు ఎలా ఉందో చూసి మనం కొంటున్నాం. ఇరవై నాలుగు గంటలూ వెలిగే తొట్టిలోని చేపకు ఇవ్వని రాత్రిని ఏ మేతా భర్తీ చేయదు. ఇరవై నాలుగు గంటల టైమరు స్విచ్చు కరెంటు సామాన్ల కొట్టులో కొద్ది వందల రూపాయలకు దొరుకుతుంది. బోర్డు మీద ఒక దీపం వేసి, తొట్ల దీపాలకు ఆ టైమరు పెడితే సరిపోతుందని ఆయనతో చెప్పాను. చూస్తానన్నారు. ఈ సమీక్ష రాసేనాటికి పెట్టలేదు.

రెండోది ఫైటరు చేపలు. మగ ఫైటర్లను చిన్న గాజు సీసాల్లో విడివిడిగా ఉంచి, సీసాలను పక్కపక్కనే బల్ల మీద పేర్చారు. ఒకదాన్ని చూసి ఒకటి మొప్పలు విప్పుకుని, రెక్కలు పరచి, రంగు ముదిరి నిలబడతాయి. కొనేవారికి అది అందంగా కనబడుతుంది. ఆ చేపకు మాత్రం అది తీరని యుద్ధం. తలపడటానికి వీలులేదు, ఓడి తప్పుకోవడానికీ వీలులేదు. జీబ్రా చేపల్లో పోట్లాట ఎలా ముగుస్తుందో జపాన్‌లోని రికెన్ సంస్థలో హితోషి ఒకమోటో బృందం చూపించింది: హబెన్యులాలోని ఒక దారి చేపను ఇంకా పోరాడేలా చేస్తే, మరో దారి ఓటమి ఒప్పుకుని వెనక్కి తగ్గేలా చేస్తుంది. వెనక్కి తగ్గడం కూడా మెదడు చేసే పనే, దానికి చోటు కావాలి. ఫైటర్ల జాతి వేరు కాబట్టి ఈ ఫలితాన్ని యథాతథంగా వాటికి అంటించను. కానీ ఎదుటివాడు కనబడుతూనే ఉండి పోరు ఎప్పటికీ ముగియని ఏర్పాటు ఏ చేపకూ మంచిది కాదు. సీసాకూ సీసాకూ మధ్య ఒక అట్టముక్క నిలబెట్టి, కొనేవారు అడిగినప్పుడు క్షణం తీసి చూపిస్తే చాలు. ఇంత తెలివిగా కొత్త సరుకుకు దినపత్రికలు అంటించే మనిషి ఇక్కడ ఆ పని ఎందుకు చేయలేదో నాకు బాధగానే ఉంది.

సామాన్ల గురించి క్లుప్తంగా చెబుతాను. రెండడుగుల తొట్టికి అతుకులు శుభ్రంగా ఉన్నాయి, నీళ్లు నింపి ఒక రాత్రి ఉంచి చూపించాకే ఇచ్చారు. గాలి పంపు కొంచెం చప్పుడు చేస్తుంది. మున్సిపాలిటీ నీళ్లలోని క్లోరిన్ విరవడానికి సోడియం థయోసల్ఫేట్ చుక్కల మందు ఇచ్చి, ఎన్ని లీటర్లకు ఎన్ని చుక్కలో సీసా మీద పెన్నుతో రాశారు. విడి మేత కంటే కట్టిన ప్యాకెట్లు కొనడం మేలు. విడిగా అమ్మే డబ్బాకు మూత సరిగా లేదు. హీటరు అవసరం లేదని చెప్పి అమ్మకపోవడం నిజాయతీ. ఈ ఊరి వేసవికి అది అక్కర్లేదు, చలికాలం సంగతి అప్పుడు చూసుకోవచ్చు.

ఇంటికి పంపేటప్పుడు చెప్పిన జాగ్రత్తలు కూడా చాలావరకు సరైనవే. సంచిని కట్టినదాన్ని కట్టినట్టే తొట్టి నీళ్లలో పావుగంట తేలనివ్వడం, తరువాత కొద్దికొద్దిగా తొట్టి నీళ్లు కలపడం, సంచిలోని నీళ్లు తొట్టిలో పోయకపోవడం, మొదటి సాయంత్రం దీపం వేయకపోవడం, ఆ రోజుకు మేత పెట్టకపోవడం. నేను దీనికి ఒక్కటే కలిపాను: తొట్టి వెనక అద్దానికి నల్ల కాగితం అంటించాను, అడుగున ఒక మూల మొక్కలు గుబురుగా పెట్టాను. మేము తెచ్చిన జీబ్రాలు అనుకున్నట్టే ఆ మొక్కల్లోకి దిగాయి. మర్నాడు ఉదయం నాన్నగారు కాఫీ గ్లాసుతో తొట్టి ముందు కూర్చునేసరికి నీళ్ల నడుమకు వచ్చేశాయి; ఆయన చిటికెడు మేత వేస్తే మొదట సందేహించి, ఒకటి వచ్చాక మిగతావన్నీ వచ్చాయి. అప్పటి నుంచి ఒక్కటీ చనిపోలేదు. గుంపులో కొంచెం పెద్దది మిగతావాటిని మేత దగ్గర తరుముతోందని నాన్నగారు గమనిస్తే, ఒకేసారి పెట్టే మేతను మూడు పూటలుగా విడదీయమని చెప్పాను. ఆకలి మీదున్న జీబ్రా చేప పోట్లాటలో తేలిగ్గా తగ్గదని ఒకమోటో బృందమే 2020లో చూపించింది కాబట్టి, కొట్లాటకు మందు ముందు కడుపులో వెతకాలి. తరమడం తగ్గింది.

కొనాలనుకునేవారు ఉదయం వెళ్లండి. ఆ వేళకు తొట్లలో మొదటి మేత అయిపోయి ఉంటుంది, రద్దీ ఉండదు, స్టూలు ఖాళీగా ఉంటుంది, పెద్దాయన తెలుగులోనో ఒడియాలోనో ఓపిగ్గా మాట్లాడతారు. ఆదివారం సాయంత్రం పిల్లలు అద్దాలు తడుతుంటారు, ఆ సమయంలో ఏ చేప నడవడీ నమ్మకండి. పత్రికలు అంటించిన తొట్టిలోవి అడగవద్దు, ఎలాగూ ఇవ్వరు. జీబ్రాలు, గప్పీలు, మోలీలు, టెట్రాలు నిశ్చింతగా కొనవచ్చు. ఫైటరు కావాలంటే మాత్రం, సీసాల మధ్య అట్టలు పెట్టారా అని ముందు అడగండి. నలుగురు అడిగితే పెడతారనే నా నమ్మకం.